అన్నానికి కూరా, కూరకు అన్నమా?

బెంగళూరులో మారతహళ్లి అయినా, ఎలక్ట్రానిక్ సిటీ అయినా, ఆంధ్రా మెస్‌లో మధ్యాహ్నం వడ్డన వరస ఒకటే. ముందు పళ్లెంలో గుప్పెడు కూర, చెంచాడు పచ్చడి, ఓ మూల కందిపొడి. ఆ తర్వాత కొండలా అన్నం. పప్పుతో ఒక విడత, సాంబారుతో ఒక విడత, రసంతో ఇంకొకటి, చివర పెరుగన్నం. కూర మారు అడిగితే వడ్డించే అబ్బాయి కాస్త ఆలోచిస్తాడు. అన్నం మాత్రం అడక్కపోయినా వచ్చి పడుతుంది. కూరలు, పచ్చళ్లు, పులుసులు అన్నిటినీ కలిపి తెలుగులో ఆదరువులు అంటారు. ఆదరువు అంటే ఆసరా. భోజనమంటే అన్నం, మిగతావన్నీ ఆ అన్నం గొంతు దిగడానికి ఆసరాలు. పీచుకూ పొట్టకూ ఉన్న సంబంధం అర్థం కావాలంటే ఈ మాట దగ్గర మొదలుపెట్టడం మంచిది.

పీచు ఎక్కువ తింటే పొట్ట తగ్గుతుందన్నది ఇప్పుడు ఎవరికీ కొత్త విషయం కాదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, ఆఫీసు హెల్త్ క్యాంపుల్లో, సూపర్ మార్కెట్ అరల్లో అదే మాట. ఓట్స్, చిరుధాన్యాల నూడుల్స్, హై ఫైబర్ బిస్కెట్లు, నీళ్లలో కలుపుకునే పొడులు, అన్నీ ఆ ఆశ మీదే అమ్ముడవుతున్నాయి. మాటలో అబద్ధం లేదు. కాకపోతే పీచు లోపలికెళ్లి కొవ్వును కరిగిస్తుందని చాలామంది ఊహించుకుంటారు, అక్కడే తిరకాసు. పీచు కడుపులో చేసే పని కొంత ఉంది. అంతకంటే పెద్ద పని అది పళ్లెంలోనే చేస్తుంది. తాను కూర్చోవడానికి ఇంకోదాన్ని జరిపి చోటు చేసుకుంటుంది. ఏది పక్కకు జరిగిందన్న దాని మీద నడుము కొలత ఆధారపడుతుంది.

పొట్టలో కొవ్వు రెండు చోట్ల చేరుతుంది. చర్మం కింద, వేళ్లతో పట్టుకుంటే మెత్తగా చేతికొచ్చేది ఒకటి. పొట్ట గోడ లోపల, పేగుల చుట్టూ పేరుకునేది రెండోది. మొదటిది అద్దం ముందు ఇబ్బంది పెడుతుంది, రెండోది రక్తపరీక్షల రిపోర్టులో. లోపలి కొవ్వులో కొంత భాగం నుంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు పేగుల నుంచి కాలేయానికి వెళ్లే రక్తనాళంలోకే దిగుతాయి. ఆ భారం కాలేయం మీద పడుతుంది. ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దాని మాట వినదు, షుగరూ ట్రైగ్లిజరైడ్లూ పైకి ఎగబాకుతాయి. ఫ్యాటీ లివర్ అని రిపోర్టులో వచ్చిందంటే చాలాసార్లు దాని వెనక ఉండేది ఈ లోపలి కొవ్వే.

సన్నగా కనిపించే మనవాళ్లకూ ఈ బెడద ఉంది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ఫొటో దీనికి పేరుపొందిన సాక్ష్యం. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ అందులో పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఎత్తుకు తగ్గ బరువే అన్నమాట. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అందుకే భారతీయులకు బరువు తూచే మిషన్ కంటే టేపు మేలని డాక్టర్లు అంటారు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే ఉదర స్థూలకాయం కిందే లెక్క. కొలవాల్సింది చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక. ప్యాంటు సైజు చూసి తృప్తి పడటానికి లేదు. పొట్ట పెరిగేకొద్దీ ప్యాంటు కిందికి జారుతుంది తప్ప చాలామందిలో నంబరు మారదు. పదేళ్లుగా ముప్పై నాలుగే అని చెప్పుకునే వాళ్ల బెల్టు ఎక్కడుందో చూస్తే విషయం తెలిసిపోతుంది.

ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన విషయం కూడా కాదు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ నడిపిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే షుగరు జబ్బు సర్వే 2008 నుంచి 2020 దాకా దేశమంతా తిరిగి లక్షా పదమూడు వేల మందిని పరీక్షించింది. 2023లో బయటికొచ్చిన ఆ ఫలితాల ప్రకారం పెద్దవాళ్లలో ఉదర స్థూలకాయం 39.5 శాతం, మొత్తం ఒంటికి సంబంధించిన స్థూలకాయం 28.6 శాతం. అంటే ఒళ్లు రాకుండానే పొట్ట వచ్చినవాళ్లు మన దేశంలో బోలెడంతమంది.

ఇక పీచు సంగతి. మొక్కల నుంచి వచ్చే తిండిలో మన చిన్నపేగు అరిగించుకోలేని పిండి పదార్థాలకు స్థూలంగా ఆ పేరు. అందులో నీళ్లలో కరిగి జిగురుగా మారేది ఒక రకం. బెండకాయ జిగట, నానబెట్టిన మెంతుల చుట్టూ పట్టే జారుడు పొర, ఓట్స్ గంజి చిక్కదనం, ఇసబ్గోల్ ఉబ్బి జెల్లీలా అవడం, అన్నీ ఆ రకం చేసే పనులే. కన్నడిగులు గోరికాయి అనే గోరుచిక్కుడు గింజల్లోని జిగురును గ్వార్ గమ్ పేరుతో ఐస్‌క్రీమ్ చిక్కబడటానికీ వాడతారు. కరగనిది రెండో రకం. గోధుమ తవుడు, పప్పుల పొట్టు, ఆకుకూరల కాడలు ఇందులోకి వస్తాయి. మలబద్ధకం పోగొట్టడంలో ఇది ఎక్కువ సాయం చేస్తుంది. మునక్కాయలో పీచు చాలా ఎక్కువని పట్టికలు చెబుతాయి, నిజమే కానీ అందులో ఎక్కువ భాగం నమిలి కంచం పక్కన పెట్టేస్తాం. ఆ ముక్కలకు మార్కులు వేసుకోకూడదు.

కరిగే పీచు కడుపులో జిగురుగా మారినప్పుడు తిన్నది పేగుల్లోకి నెమ్మదిగా జారుతుంది, గ్లూకోజు రక్తంలోకి ఒక్క దూకున రాదు. పెద్దపేగు దాకా చేరిన పీచును అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. ఇవి పేగు గోడలోని కణాలను తట్టి జీఎల్‌పీ-1, పీవైవై లాంటి హార్మోన్లను విడుదల చేయిస్తాయి. ఆకలి తీరిందన్న కబురు మెదడుకు చేరవేసేవి అవే. ఈ ముక్క పట్టుకుని ఈమధ్య పీచును బరువు తగ్గించే ఇంజెక్షన్లకు సహజమైన ప్రత్యామ్నాయమని ప్రచారం చేస్తున్నారు. గోరంతను కొండంత చేయడమే అది. ఒంట్లో తయారయ్యే జీఎల్‌పీ-1 రక్తంలో రెండు నిమిషాలకే సగం విరిగిపోతుంది. ఇంజెక్షన్‌లోని సెమాగ్లూటైడ్ సగం కావడానికి దాదాపు వారం పడుతుంది. దారి ఒకటే అయినా రెండింటి బలానికీ పోలిక లేదు.

నమలడం అనే మామూలు పనికి రావాల్సినంత గుర్తింపు రాలేదు. 1977లో లాన్సెట్‌లోనే వచ్చిన ఒక ప్రయోగంలో ఒకే మోతాదు పిండి పదార్థం ఉండేలా యాపిల్ పండును, దాని గుజ్జును, రసాన్ని వేర్వేరుగా ఇచ్చారు. పండు తినడానికి పట్టిన సమయంలో పదకొండో వంతులో రసం తాగేశారు. కడుపు నిండిన తృప్తి పండుకు ఎక్కువ, గుజ్జుకు తక్కువ, రసానికి ఇంకా తక్కువ. రసం తాగాక ఇన్సులిన్ ఎక్కువగా ఎగసి, ఆ తర్వాత షుగరు వేగంగా పడిపోయింది. దర్శినీ హోటల్ పక్కన జ్యూస్ సెంటర్‌లో వడకట్టి ఇచ్చే మొసంబి రసం ఆరోగ్యమని తాగేవాళ్లకు ఈ ప్రయోగం యాభై ఏళ్ల కిందటిదైనా ఇవాళ్టికీ పనికొస్తుంది. మొసంబిలోని పీచు వడపోతలో మిగిలిపోయి చెత్తబుట్టలో ఉంటుంది.

మరి పీచు తినేవాళ్లకు పొట్ట నిజంగా తగ్గిందా? అమెరికాలో నల్లజాతి, హిస్పానిక్ కుటుంబాలకు చెందిన వెయ్యిమందికి పైగా జనాన్ని ఐదేళ్ల తేడాతో రెండుసార్లు స్కాన్ చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. రోజుకు కరిగే పీచు పది గ్రాములు ఎక్కువ తినేవాళ్లలో లోపలి కొవ్వు చేరే వేగం 3.7 శాతం తక్కువగా ఉంది. చర్మం కింది కొవ్వులో తేడా లేదు. ఏ కొవ్వు ప్రమాదకరమో దాని మీదే ప్రభావం కనిపించడం మంచి కబురే. అయితే ఇక్కడ తగ్గింది కొవ్వు కాదు, కొవ్వు పెరిగే వేగం. పైగా రోజుకు పది గ్రాముల కరిగే పీచు మాటలు కాదు. ఐరోపాలో 89 వేలమందిని సగటున ఆరున్నరేళ్లు గమనించిన మరో అధ్యయనం 2010లో తేల్చింది ఇంకా చిన్న అంకె. మొత్తం పీచు రోజుకు పది గ్రాములు ఎక్కువుంటే నడుము ఏడాదికి 0.08 సెంటీమీటర్లు తక్కువ పెరిగింది. మిల్లీమీటరు కూడా కాదు. పొట్ట కరిగించే పీచు అంటూ వీడియోలు చేసేవాళ్లు ఈ అంకెను ఎప్పుడూ చెప్పరు.

ఆ అంకె చూసి నీరుగారిపోనవసరం లేదు. ఎందుకంటే ఆ లెక్కలో మనుషులు తినే మొత్తం తిండిని, కేలరీలను సరిచేసి, పీచు ఒక్కదాని ప్రభావాన్ని విడదీస్తారు. నిజజీవితంలో పీచు అలా ఒంటరిగా రాదు. 2001లో పాత ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన ఒక సమీక్షలో, ఇష్టమొచ్చినంత తినే స్వేచ్ఛ ఇచ్చినవాళ్లకు రోజుకు 14 గ్రాముల పీచు అదనంగా ఇస్తే తినే కేలరీలు పది శాతం దాకా తగ్గాయని, నాలుగు నెలల్లోపు 1.9 కిలోల బరువు తగ్గిందని తేలింది. తేడా గమనించండి. అక్కడ పీచు వేరే తిండిని తగ్గించింది కాబట్టి బరువు తగ్గింది. 2015లో అమెరికాలోనే 240 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పదమూడు సూచనలున్న డైట్ ఇచ్చారు, రెండో జట్టుకు రోజుకు 30 గ్రాముల పీచు తినండి అని ఒక్క మాట చెప్పారు. ఏడాదికి మొదటి జట్టు 2.7 కిలోలు, రెండోది 2.1 కిలోలు తగ్గింది. ఇది తినొద్దు, అది తినొద్దు అని ఎవరూ అనకుండానే. పీచు నిండిన తిండి పళ్లెంలోకి వస్తే ఇంకేదో తనంతట తానే బయటికి పోతుంది.

మనవాళ్ల పళ్లెంలో మాత్రం అది అంత తేలిగ్గా పోవడం లేదు, కారణం మొదట చెప్పుకున్న ఆదరువే. కూర ఎంత వేసుకున్నా దాన్ని అన్నంలోనే కలుపుకోవాలి. కూర పెరిగితే అన్నమూ పెరుగుతుంది. కూర బాగుందని మెచ్చుకోవడానికి మనం వాడే మాట, దీంతో రెండు ముద్దలు ఎక్కువ తినొచ్చు అనే. అన్నం తగ్గకుండా పైన పీచు కలిపితే కేలరీలు కలుస్తాయి, నడుము ఉన్నచోటే ఉంటుంది.

దీనికి బలమైన రుజువు 2025లో దొరికింది. అదే ఇండియాబ్ సర్వేలో జనం ఏం తింటున్నారో విశ్లేషించి నేచర్ మెడిసిన్ పత్రికలో ప్రచురించారు. సగటు భారతీయుడి కేలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి. దక్షిణాదిలో అందులో పెద్దవాటా తెల్లన్నానిది. తెల్లబియ్యం బదులు మరపట్టిన గోధుమపిండో చిరుధాన్యాల పిండో వాడినంత మాత్రాన షుగరు ముప్పుగానీ ఉదర స్థూలకాయంగానీ తగ్గిన దాఖలా వాళ్లకు కనిపించలేదు. పిండి పదార్థాల మొత్తం తగ్గి ఆ చోటులోకి పప్పులు, పాల ఉత్పత్తుల లాంటి వాటి నుంచి మాంసకృత్తులు వచ్చినప్పుడే షుగరు ముప్పు తగ్గింది. రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు తినేవాళ్లకూ, చిరుధాన్యాల దోసెలు ఐదు లాగించేవాళ్లకూ ఇది కాస్త చేదు వార్త.

కన్నడ నాట ఉంటూ రాగిముద్దను అనకూడదు. చిత్తూరు, అనంతపురం, కోలారు వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లకు అది సంగటి, కొత్త తిండేం కాదు. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో పీచు దాదాపు 11 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాములకు కాస్త తక్కువ. నాలుగింతల తేడా. కానీ మెత్తగా పిండి పట్టి, నీళ్లలో ఉడికించి, నమలకుండా మింగే ముద్ద షుగరు పెంచే తీరులో అన్నానికి పెద్ద దూరంలో ఉండదు. రాగిముద్ద మేలు ఎక్కడుందో చూడాలంటే దాని పక్కన ఏముంటుందో చూడాలి. మండ్య, కోలారు రైతు ఇళ్లలో ముద్దతో పాటు వచ్చేది సొప్పు, కాళు. అంటే ఆకుకూరలు, పొట్టు తీయని గింజలు.

బస్సారు అనే కన్నడ వంటకాన్ని చూస్తే ఈ తేడా తెలుస్తుంది. ఆకుకూరనూ పెసలో అలసందలో లాంటి గింజలనూ కలిపి ఉడికిస్తారు. ఉడికిన నీళ్లు వంచి మసాలా వేసి చారు కాస్తారు, మిగిలిన ఆకూ గింజలూ తాలింపు పెట్టి పల్యం చేస్తారు. రెండూ పళ్లెంలోకి వస్తాయి. దీని పక్కన మన ఉలవచారు పెట్టి చూడండి. ఉలవలు గంటలకొద్దీ ఉడికించి, నీళ్లు మాత్రం తీసుకుని చిక్కగా కాస్తాం. గింజలు వెనకటికి పశువుల కుడితిలోకి వెళ్లేవి. పీచూ మాంసకృత్తులూ ఎక్కువ భాగం ఎద్దులకు, రుచి మనుషులకు! బెంగళూరు ఆంధ్రా రెస్టారెంట్లలో ఉలవచారు బిర్యానీ తిని ఉలవలు తిన్నామనుకోవడం వట్టి భ్రమ. చలికాలంలో బసవనగుడి, వి.వి.పురం వైపు రాశులు పోసే అవరెకాయిల కథా అలాంటిదే. మనం అనపకాయలంటాం. నానబెట్టి తొక్క పితికి పప్పు తీస్తే కన్నడిగులకు హితికిద బేళె, చిత్తూరువాళ్లకు పితికిపప్పు. రుచికి దానికి సాటి లేదు, ఒప్పుకోవాల్సిందే. పీచు కోసమైతే మాత్రం పితక్కుండా వండుకున్న గింజే నయం.

ఎంత పీచు కావాలి? జాతీయ పోషకాహార సంస్థ రెండువేల కేలరీల తిండికి రోజుకు 30 గ్రాములు అంటోంది. బెంగళూరులో ఒక తెలుగు ఐటీ ఉద్యోగి పళ్లెం లెక్కేస్తే ఎంత వస్తుందో చూడవచ్చు. ఇవి పచ్చి దినుసుల తూకంతో వేసిన ఉజ్జాయింపు అంకెలు. పొద్దున మూడు ఇడ్లీలు, చట్నీ, ఐదు గ్రాములు. మధ్యాహ్నం నూటయాభై గ్రాముల బియ్యపు అన్నం, కాస్త పప్పు, గుప్పెడు కూర, ఎనిమిదిన్నర. సాయంత్రం టీ, బిస్కెట్లు, అర గ్రాము. రాత్రి అన్నం, సాంబారు, కోడిగుడ్డు వేపుడు, ఐదు. మొత్తం పందొమ్మిది. ఇందులో ఒక్క బియ్యం నుంచే దాదాపు 950 కేలరీలు.

అదే మనిషి పొద్దున పొట్టు పెసలతో పెసరట్టు తింటే, అందులో 70 గ్రాముల పెసలు పడతాయనుకుంటే, పీచు పన్నెండు గ్రాములు. ఒక్క టిఫిన్‌తో మూడోవంతు కంటే ఎక్కువ పని అయిపోయింది. తెలుగువాళ్ల వంటింట్లో ఇంత మంచి ఆయుధం ఉండగా ఓట్స్ కోసం వెతుక్కోవడం విచిత్రం. మధ్యాహ్నం బియ్యం ఎనభై గ్రాములకు తగ్గి, బీన్స్ కూరో గోరుచిక్కుడు కూరో నూటయాభై గ్రాములు పెరిగి, పాలకూర పప్పు చిక్కగా ఉంటే పద్నాలుగు, పదిహేను. రాత్రి రెండు పుల్కాలు కలిపితే ముప్పై దాటింది. సాయంత్రం ఒక జామకాయ తింటే మరో ఎనిమిది గ్రాములు, అది బోనస్. ఇక్కడ గమనించాల్సింది పీచు పెరగడం ఒక్కటే కాదు. మధ్యాహ్నం తగ్గిన డెబ్బై గ్రాముల బియ్యంతో 250 కేలరీలు పోయాయి. పెరిగిన కూరా పప్పూ తెచ్చింది వంద లోపే. రోజూ ఇలా మిగిలే తేడాయే నెలల మీద నడుము దగ్గర కనిపిస్తుంది.

నూనె విషయంలో ఒక జాగ్రత్త ఉంది. బెండకాయ కూరకూ బెండకాయ వేపుడుకూ పీచులో తేడా లేదు, కేలరీల్లో చాలా ఉంది. ఒక పెద్ద చెంచా నూనె అంటే 120 కేలరీలు. కూర పెంచమన్నారు కదా అని దొండకాయ వేపుడు గిన్నెడు తింటే తగ్గించిన అన్నం లెక్కంతా నూనె రూపంలో తిరిగొస్తుంది. ఆవిరికి ఉడికించి తాలింపు పెట్టిన కూరలు, కొబ్బరి కాస్త చల్లిన పల్యాలు, పెసరపప్పు కోసంబరి ఈ చిక్కు లేనివి. శ్రీరామనవమి నాటి వడపప్పునే కీరా ముక్కలతో కన్నడిగులు పెళ్లి భోజనాల్లోనూ వడ్డిస్తారు. మనం దాన్ని ఏడాదికోసారి ప్రసాదంగానే ఎందుకు ఉంచేశామో!

అంగడి పీచు గురించి పెద్దగా చెప్పుకునేది లేదు. ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం వంద గ్రాముల్లో 6 గ్రాముల పీచుంటే ప్యాకెట్ మీద హై ఫైబర్ అని వేసుకోవచ్చు. ఆ లెక్కన కందిపప్పూ, ఇంట్లోని మామూలు గోధుమపిండీ హై ఫైబరే, లేబుల్ లేదంతే. అలాంటి బిస్కెట్లు నాలుగు, ముప్పై గ్రాములు తింటే వచ్చే పీచు రెండు గ్రాముల లోపు, వెంట వచ్చే కేలరీలు 130 పైన. ఏనుగు దాహానికి చూరునీళ్లు. ఇసబ్గోల్ వేరే సంగతి. భోజనానికి ముందు నీళ్లతో తీసుకున్న ప్రయోగాల్లో కొన్ని నెలల్లో నడుము రెండు సెంటీమీటర్ల దాకా తగ్గింది. కడుపులో ఉబ్బి భోజనాన్ని కొంత తగ్గిస్తుంది కాబట్టి అదీ చోటు ఆక్రమించే పద్ధతే. నీళ్లు చాలకుండా మింగితే గొంతులోనే ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది. మందులు వేసుకునేవాళ్లు దానికీ మందులకూ మధ్య రెండు గంటలు ఎడం ఉంచాలి.

చాలామంది రెండో వారంలో చేతులెత్తేస్తారు. పొట్ట తగ్గుతుందని పీచు పెంచితే ప్యాంటు ఇంకా బిగుతవుతుంది. అది కొవ్వు కాదు, గ్యాస్. పెద్దపేగులోని సూక్ష్మజీవులకు అకస్మాత్తుగా పండగ వస్తే అవి చేసే హడావుడి. పందొమ్మిది గ్రాముల నుంచి ముప్పైకి ఒక్క రోజులో దూకకుండా వారానికి నాలుగైదు గ్రాముల చొప్పున పెంచుకుంటూ, నీళ్లు ఎక్కువ తాగుతూ పోతే నెలరోజుల్లో చాలామందికి సర్దుకుంటుంది. శనగలు, రాజ్మా లాంటివి రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండితే గ్యాస్ తగ్గుతుంది. పేగు వాపు జబ్బులున్నవాళ్లు, పేగు సన్నబడినవాళ్లు, పొటాషియం తగ్గించమని చెప్పిన కిడ్నీ రోగులు డాక్టరును అడగకుండా మార్చకూడదు. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు అన్నం సగానికి తగ్గిస్తే మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు.

పీచు చేయలేని పనులూ ఉన్నాయి. శుక్రవారం రాత్రి బీర్లు, అమెరికా టైముకు పనిచేసి పొద్దున నాలుగింటికి పడుకోవడం, సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో రోజుకు రెండు గంటలు సీటుకు అతుక్కుపోవడం, వీటి వల్ల చేరే లోపలి కొవ్వును జామకాయ ఆపలేదు. నడక, నిద్ర, తాగుడు మానడం ఎవరి వాటా వాటిదే. పొట్ట దగ్గరే కొవ్వు తగ్గించే వ్యాయామం లేనట్టే, పొట్ట దగ్గరే పనిచేసే తిండీ లేదు.

చివరికి ఆచరణ దగ్గర అసలు చిక్కు పీజీల్లో, మెస్సుల్లో ఉండేవాళ్లది. ఇంట్లో వండుకునేవాళ్లు గరిటె మార్చుకుంటే సరిపోతుంది, వీళ్లకు గరిటె ఇంకొకరి చేతిలో ఉంటుంది. నెలకింతని కట్టే పీజీలో అన్నం చౌక, కూరగాయలు ఖరీదు, అందుకే సాంబారు పలచగానూ అన్నం ధారాళంగానూ ఉంటాయి. వంటవాడిని మార్చలేరు కానీ కొన్ని మార్గాలు లేకపోలేదు. వీధి చివర కూరగాయల బండి మీదా, హాప్‌కామ్స్ దుకాణంలోనూ జామకాయ, కీరా, క్యారెట్ దొరుకుతాయి. చాలా కిరాణా కొట్లలో మొళకె కాళు, అంటే మొలకెత్తిన పెసలు, ప్యాకెట్లలో అమ్ముతారు. వేడినీళ్లలో పది నిమిషాలు ఉడికించి ఉల్లిపాయ, నిమ్మరసం కలిపితే కెటిల్ ఉన్న గదిలోనూ అయిపోతుంది. దాన్ని భోజనానికి ముందు తినాలి, తర్వాత కాదు. మెస్‌లోనైతే అన్నం మొదటి విడతలోనే చాలు అని చెయ్యి అడ్డం పెట్టి, కూర రెండోసారి అడగడమే. ఎక్స్‌ట్రా కూరకు కొన్నిచోట్ల ఇరవై, ముప్పై రూపాయలు వేస్తారు.